ఒక్క రోజులో హాబిటన్, రోటోరువా: మేనల్లుడికి ఉత్తరం

చి. కార్తీక్‌కి,

అత్తయ్య ఆశీస్సులు. సంక్రాంతికి అమ్మానాన్నలు ఆక్లాండ్ వస్తున్నారని, వాళ్లని లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సినిమా సెట్టున్న హాబిటన్‌కీ వేడినీటి ఊటల ఊరు రోటోరువాకీ ఒక్క రోజులో తిప్పి తెచ్చే గైడెడ్ ట్రిప్ కోసం చూస్తున్నావని వదిన చెప్పింది. హామిల్టన్‌లో మా ఇల్లు ఇంచుమించు ఆ దారిలోనే ఉంది కదా, ఇండియా నుంచి వచ్చిన చుట్టాలని అటు పంపడమో, వెంటబెట్టుకుని వెళ్లడమో ఇన్నేళ్లుగా నా డ్యూటీ అయిపోయింది. ఫోన్‌లో చెబితే అన్నిటికీ "సరే అత్తయ్యా" అంటావు, పెట్టేశాక ఒక్కటీ గుర్తుండదు. అందుకని రాస్తున్నా.

ముందు టైము లెక్క వేసుకో. ఆక్లాండ్ నుంచి హాబిటన్ ఉన్న మాటామాటా రెండు గంటలు. హాబిటన్‌లో రెండున్నర గంటలు. అక్కడి నుంచి రోటోరువా ఇంకో గంట. తిరుగు ప్రయాణం మూడు గంటలు. అంటే రోజులో ఆరు గంటలు బస్సులోనే పోతాయి. ఇక రోటోరువాలో మిగిలేది రెండు, మహా అయితే రెండున్నర గంటలు. ఈ రెండు చోట్లు చాలవన్నట్టు వైటోమో గుహలు, సరస్సు, జలపాతం కూడా కలిపి ఒక్క రోజులో ఐదు చూపిస్తామనే ట్రిప్పులు కనపడతాయి. వాటి జోలికి పోకు. మీ నాన్నకి అరవై దాటాయి, ఒక మోకాలు సరిగా లేదు. ఆయన ఐదు పార్కింగ్ స్థలాలు చూసి వస్తాడు. బుక్ చేసే ముందు ఎన్ని చోట్లకి తీసుకెళతారని కాదు, ఏ చోట ఎంతసేపు ఉండనిస్తారని అడుగు. దానికి సూటిగా జవాబు చెప్పేవాళ్ల దగ్గరే టికెట్ కొను.

ఇంకో ప్రశ్న కూడా అడుగు. ట్రిప్ పేరులో "రోటోరువా" అని ఉంటే సరిపోదు. వేడినీటి ఊటలు, బురద గుంటలు ఉండే టె పుయియా లోపలికి టికెట్ కలిపి ఉందా, అక్కడి గైడ్ టూర్ ఉందా, ఇక్కడి మూలవాసులైన మావోరీల సాంస్కృతిక ప్రదర్శన ఉందా అని విడివిడిగా కనుక్కో. ధర తక్కువని తీసుకుంటే కొందరు కుయిరౌ పార్కు దగ్గర దింపి గంటలో రమ్మంటారు. అది మంచి పార్కే, పొగలు కక్కే గుంటలు ఊరి మధ్యలోనే ఉంటాయి, ప్రవేశం ఉచితం. ఉచితమైన దాని కోసం బస్సువాడికి డబ్బు కట్టడం ఎందుకన్నదే నా బాధ.

నువ్వే కారులో తీసుకెళతానంటావు, తెలుసు. ఇక్కడా మనలాగే ఎడమ వైపే నడుపుతారు, దారి కష్టమేం కాదు. కానీ హాబిటన్‌లోకి సొంతంగా వెళ్లనివ్వరు. అది ఒక కుటుంబం సొంత పొలం. షైర్స్ రెస్ట్ అనే చోట దిగి, వాళ్ల బస్సెక్కి, వాళ్ల గైడ్ వెంటే తిరగాలి. అదీకాక మీ అమ్మానాన్నలకి గైడ్ ఇంగ్లిష్ సగం కూడా అందదు. ఈ దేశపు యాస వేగంగా ఉంటుంది. ఆ రోజు నీ అసలు పని డ్రైవింగ్ కాదు, వాళ్ల పక్కన కూర్చుని తెలుగులో చెప్పడం. స్టీరింగ్ పట్టుకుని ఆ పని చేయలేవు. ఇక్కడి చట్టం ప్రకారం బస్సు డ్రైవరు ఐదున్నర గంటల పని తర్వాత అరగంట ఆగాలి, రోజుకి పదమూడు గంటలు మించి పని చేయకూడదు. అందుకే చెప్పిన వేళకి బస్సు కదిలిపోతుంది. ఇంకో ఐదు నిమిషాలని బతిమాలే అలవాటు ఇక్కడ పనికిరాదని మీ అమ్మకి ముందే చెప్పి ఉంచు.

హాబిటన్ అంటే రామోజీ ఫిల్మ్ సిటీ లాంటిదనుకుని వచ్చి మొహం వేలాడేసిన వాళ్లని చూశాను. ఇక్కడ రైడ్లు, డాన్సులు, ఆటపాటలు ఉండవు. పచ్చటి గుట్టలు, వాటిలో హాబిట్లనే పొట్టి మనుషుల గుండ్రటి తలుపుల ఇళ్లు, చిన్న చిన్న తోటలు, ఒక చెరువు, ఒక మిల్లు, ఒక సత్రం, అంతే. సినిమా తెలియకపోతే అందమైన పార్కులా కనిపిస్తుంది. అందుకని వెళ్లే ముందు రోజు రాత్రి లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మొదటి సినిమా పెట్టి మొదటి అరగంట చూపించు, ముఖ్యంగా పుట్టినరోజు విందు. మొత్తం చూపించబోకు, మూడు గంటలంటే మీ నాన్న కుర్చీలోనే నిద్రపోతాడు.

కథ నేను చెబుతా, నువ్వు వాళ్లకి చెప్పు. 1998లో సినిమావాళ్లు విమానంలో పైనుంచి స్థలాలు వెతుకుతుంటే అలెగ్జాండర్ కుటుంబం వాళ్ల గొర్రెల పొలం కనపడింది. 1,250 ఎకరాల పొలం. చెరువు పక్కన పెద్ద పైన్ చెట్టు, చుట్టూ గుట్టలు, కనుచూపు మేరలో కరెంటు స్తంభం గానీ రోడ్డు గానీ లేవు. 1999లో పని మొదలుపెట్టారు. లోపలికి దారి లేకపోతే న్యూజిలాండ్ సైన్యం వచ్చి ఒకటిన్నర కిలోమీటరు రోడ్డు వేసింది. ఆ మొదటి సెట్టు తాత్కాలికంగా కట్టింది. షూటింగ్ అయ్యాక కొంత పీకేశారు కూడా. మిగిలినదాన్ని చూడటానికే జనం రావడంతో 2002లో టూర్లు మొదలయ్యాయి. తర్వాత హాబిట్ సినిమాల కోసం 2009 నుంచి 2011 వరకు మళ్లీ కట్టినప్పుడు కలకాలం నిలిచేలా కట్టారు. ఇప్పుడు మీరు చూసేది అదే.

తలుపులు ఒక్కో సైజులో ఎందుకున్నాయో మీ అమ్మ తప్పకుండా అడుగుతుంది. పొట్టివాడుగా కనపడాల్సిన నటుణ్ని పెద్ద తలుపు ముందు, పొడుగువాడుగా కనపడాల్సిన నటుణ్ని చిన్న తలుపు ముందు నిలబెట్టేవాళ్లు. కెమెరాకి అంతే చాలు. చాలా తలుపుల వెనక ఏమీ ఉండదు, ఇంటి లోపలి సీన్లు వెల్లింగ్టన్ స్టూడియోలో తీశారు. 2023 డిసెంబరు నుంచి మాత్రం బ్యాగ్‌షాట్ రో అనే వీధిలో ఇళ్ల లోపలికి వెళ్లి చూడొచ్చు. మంచాలు, వంటిల్లు, అల్మారాలు అన్నీ ముట్టుకోవచ్చు. మీ అమ్మకి హాబిటన్‌లో అన్నిటికంటే నచ్చేది ఆ వంటిల్లే, కావాలంటే రాసిపెట్టుకో.

రెండు చెట్లున్నాయి. ఒకటి చెరువు పక్కన విందు జరిగే మైదానంలోని పైన్, రెండోది అన్నిటికంటే పైనున్న ఇంటి నెత్తిన ఉండే ఓక్. ఏది నిజం చెట్టో చెప్పమని మీ నాన్నతో పందెం కాయి. పైన్ నిజమైనది. ఓక్ ఉక్కుతో, సిలికాన్‌తో చేసింది, ఆకులు తైవాన్ నుంచి తెప్పించి ఒక్కొక్కటి కట్టారు. దగ్గర నిలబడి చూసినా నమ్మబుద్ధి కాదు.

టూర్ చివర గ్రీన్ డ్రాగన్ సత్రంలో ఒక గ్లాసు డ్రింక్ టికెట్‌లోనే వస్తుంది. బీరు, సైడర్ వద్దనుకునేవాళ్లకి ఆల్కహాల్ లేని అల్లం డ్రింక్ ఉంది. మీ అమ్మకి అది భయం లేకుండా ఇప్పించు. నడక గులకరాళ్ల బాట మీద, ఎగుడుదిగుడుగా ఉంటుంది. చెప్పులు, శాండిల్స్ వద్దు, బూట్లే వేయించు. వాన పడినా టూర్ ఆగదు, గొడుగులు వాళ్లే ఇస్తారు. జనవరి అంటే ఇక్కడ నడి వేసవి, బడులకి సెలవులు, టికెట్లు ముందే అయిపోతాయి. ఇవాళే చూసుకో. ఎండని తక్కువ అంచనా వేయకు. కాకినాడ ఎండలో పెరిగిన మనకి ఇదొక లెక్కా అంటాడు మీ నాన్న. చెమట పట్టదు, కానీ ఇక్కడి యూవీ చర్మాన్ని కాల్చేస్తుంది. టోపీ, సన్‌స్క్రీన్ ఇద్దరికీ.

ఇక రోటోరువా. నిజం చెప్పాలంటే నాకు హాబిటన్ కంటే ఇదే ముఖ్యం. పొద్దున్నంతా మనుషులు కట్టిన ఊరు చూసి, మధ్యాహ్నం ఎవరూ కట్టని చోటికి వెళతారు.

ఊళ్లోకి రాగానే కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. బస్సులో ఎవరో ఏదో చేశారని మీ నాన్న ముక్కు మూసుకుంటాడు. అది హైడ్రోజన్ సల్ఫైడ్, భూమిలోంచి వచ్చే గాలి. పావుగంటలో ముక్కుకి అలవాటు పడుతుంది. కానీ వెండికి పడదు. వదిన పట్టీలు తీసి ఇంట్లోనే పెట్టి రమ్మను. మెట్టెలు తీయనంటుంది, అప్పుడు నల్లబడతాయని ముందే చెప్పు, తర్వాత నన్ను అనకూడదు. మీ నాన్నకి చలికాలంలో ఆయాసం వస్తుందిగా, ఇన్‌హేలర్ జేబులోనే ఉండాలి, బస్సులోని బ్యాగులో కాదు.

టె పుయియా ఉన్నది ఫకరెవరెవ లోయలో. అక్కడి పోహుతు గీజర్, అంటే భూమిలోంచి ఉండుండి చిమ్మే వేడినీటి ఊట, ముప్పై మీటర్ల ఎత్తు వరకు నీళ్లు చిమ్ముతుంది. గంటకి ఒకటి రెండు సార్లు లేస్తుంది, కానీ గడియారం చూసి లేవదు. ఒక కిటుకు చెబుతా. దాని పక్కనే ప్రిన్స్ ఆఫ్ వేల్స్ ఫెదర్స్ అనే చిన్న గీజర్ ఉంది. మామూలుగా అదే ముందు మొదలవుతుంది. అది చిమ్మడం చూస్తే ఎవరు పిలిచినా కదలకండి, పెద్దది లేవబోతోందన్నమాట. అక్కడ కూర్చోవడానికి రాతి మెట్లున్నాయి, కింది నుంచి వచ్చే వేడికి వెచ్చగా ఉంటాయి. మీ నాన్న మోకాలికి అంతకంటే మంచి చోటు దొరకదు. బురద గుంటలు చూడటానికి ఉడుకుతున్న ముద్దపప్పులా కుతకుతలాడుతుంటాయి, ముచ్చటేస్తుంది. కానీ కంచె దాటి ఒక్క అడుగు కూడా వేయనివ్వకు. పైకి గట్టిగా కనపడే నేల కింద పల్చటి పొర ఉంటుంది, దాని కింద మరిగే నీళ్లు. ఫోటో కోసం వెనక్కి నడిచే అలవాటు మీ అమ్మకుంది, చెయ్యి పట్టుకో.

నీటిపారుదల శాఖలో పనిచేసిన మనిషి కాబట్టి మీ నాన్నకి ఇంకో సంగతి చెప్పు. ఈ ఊళ్లో ఇళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి అందరూ బోర్లు వేసుకుని వేడినీళ్లు తోడేశారు. దాంతో కింద ఒత్తిడి తగ్గి గీజర్లు నీరసపడ్డాయి. చివరికి 1987లో ప్రభుత్వం పోహుతు చుట్టూ ఒకటిన్నర కిలోమీటరు లోపలున్న బోర్లన్నీ మూయించింది. గీజర్లు తేరుకున్నాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బోర్లలోంచి వేడినీళ్లు వస్తాయని ఆయనకి తెలిసే ఉంటుంది, ఈ కథ మీద గంటసేపు మాట్లాడతాడు.

అక్కడి గైడ్ మాట మాత్రం శ్రద్ధగా విను. ఈ లోయలో గైడ్ పని ఇప్పుడు పుట్టిన వ్యాపారం కాదు. 1886కి ముందే ఐరోపా నుంచి జనం టరవేరా అగ్నిపర్వతం దగ్గర వేడినీళ్లలోని సిలికా పేరుకుని ఏర్పడ్డ గులాబీ, తెలుపు రంగుల మెట్లు చూడటానికి వచ్చేవాళ్లు. మావోరీ ఆడవాళ్లే వాళ్లకి దారి చూపించేవాళ్లు. వాళ్లలో పేరున్నావిడ సోఫియా హినెరంగి. 1886 జూన్ 10న టరవేరా బద్దలైంది. నూటఇరవై మంది దాకా పోయారు, ఆ మెట్లు కూడా పోయాయి. ఆ రాత్రి సోఫియా ఇంట్లో అరవై మందికి పైగా తలదాచుకుని బతికారు. ఊరు పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది ఫకరెవరెవకి వచ్చారు, ఆవిడ కూడా ఇక్కడే మళ్లీ గైడ్‌గా పనిచేసింది. ఇప్పుడు నీకు చూపించే గైడ్లలో ఆ వంశాలవాళ్లు ఉంటారు. మీ కుటుంబం ఎప్పటి నుంచి ఇక్కడుందని అడుగు. ఈ ఒక్క ప్రశ్నకి గైడ్లు బట్టీపట్టిన మాటలు మానేసి సొంతంగా మాట్లాడటం మొదలుపెడతారు.

ప్రదర్శనకి ముందు స్వాగతం జరుగుతుంది. ఒక యోధుడు కళ్లు పెద్దవి చేసి, ఆయుధం తిప్పుతూ ముందుకొస్తాడు. నవ్వకూడదు. భయమేసినా, తమాషాగా అనిపించినా సరే. అది ఆట కాదు, వచ్చినవాడు మిత్రుడా శత్రువా అని తేల్చుకునే పద్ధతి. సభా మందిరంలోకి వెళ్లే ముందు బూట్లు విప్పాలి, ఇది మనవాళ్లకి చెప్పక్కర్లేదు. ముక్కూ నుదురూ ఆనించి పలకరించే పద్ధతి కూడా ఉంది. మీ అమ్మ ఇబ్బంది పడితే నమస్కారం పెట్టమను, ఎవరూ ఏమీ అనుకోరు. చెక్కడం, అల్లిక నేర్పే బడి ఆ ఆవరణలోనే ఉంది, విద్యార్థులు పనిచేస్తుంటే చూడొచ్చు. అక్కడ తొందరపడకండి. కివి పక్షుల గది చీకటిగా ఉంటుంది, ఫోటోలు తీయనివ్వరు.

ఒకటి ముందే చెబుతున్నా. వై-ఒ-టపులోని నారింజ అంచు కొలను ఫోటో చూసి అది కూడా కావాలంటావు. అది రోటోరువా దాటి ఇంకా దక్షిణాన ఉంది. అక్కడి లేడీ నాక్స్ గీజర్‌ని రోజూ పొద్దున పదింబావుకి సబ్బులాంటి మందు వేసి లేపుతారు. ఆ వేళకి మీరు హాబిటన్‌లో ఉంటారు. రెండూ కావాలంటే రోటోరువాలో ఒక రాత్రి ఉండాల్సిందే. సెలవు దొరికితే అదే చెయ్యమంటాను. దొరకకపోతే వై-ఒ-టపు మాట ఇంట్లో ఎత్తకు. ఎప్పుడైనా సహజమైన వేడినీటి గుంటలో దిగే ఏర్పాటు ఉంటే తల మాత్రం ముంచనివ్వకు. ముక్కులోకి నీళ్లు పోతే అరుదుగానైనా ప్రాణాంతకమైన అమీబా జబ్బు వస్తుందని ఇక్కడి ఆరోగ్యశాఖ హెచ్చరిస్తుంది.

తిండి సంగతి. భూమి వేడితో వండే హాంగిలో మాంసం ఉంటుంది. వదిన తినదు కాబట్టి బుకింగ్‌లోనే వెజిటేరియన్ అని రాయించు, అక్కడికెళ్లి అడిగితే ఉడకబెట్టిన చిలగడదుంపే గతి. పులిహోర డబ్బా తీసుకెళ్లండి, కానీ మూత బస్సులో తీయొద్దు, ఆగినప్పుడు బయట తినండి. డ్రైవరుకి టిప్ ఇవ్వడం ఇక్కడ ఆనవాయితీ కాదు, దిగేటప్పుడు థాంక్స్ చెబితే చాలు. మీ నాన్న ఇరవై డాలర్ల నోటు మడిచి చేతిలో పెట్టబోతాడు, చూసుకో.

తేదీ ఖాయం కాగానే నాకు మెసేజ్ పెట్టు. మరునాడు ఏ ప్రోగ్రామూ పెట్టకు, ఇద్దరూ పది దాకా లేవరు. ఆ వారాంతంలో హామిల్టన్ తీసుకురా, వదినకి గోంగూర పెట్టి ఉంచుతా.

మీ అత్తయ్య