హెల్త్‌కేర్ అసిస్టెంట్ ఉద్యోగం నుంచి మెంటల్ హెల్త్ నర్స్ దాకా: ఇంగ్లండ్‌లో డిగ్రీ అప్రెంటిస్‌షిప్ దారి

ప్రశ్న క్లుప్తంగా: అడిగినావిడ హైదరాబాద్‌లో బి.కాం చదివారు. భర్తది స్కిల్డ్ వర్కర్ వీసా, తను డిపెండెంట్. ఇంగ్లండ్ వచ్చి నాలుగేళ్లయింది, రెండేళ్లుగా మెంటల్ హెల్త్ వార్డులో హెల్త్‌కేర్ అసిస్టెంట్. ఇప్పుడు ఆమె పనిచేసే ట్రస్టు (ప్రభుత్వ ఆస్పత్రులు నడిపే ఎన్‌హెచ్‌ఎస్ సంస్థ) నర్సింగ్ డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌కి, అంటే జీతం తీసుకుంటూ నర్సింగ్ డిగ్రీ చదివే కోర్సుకి, దరఖాస్తులు పిలిచింది. చేరాలా, చేరితే ఏం చూసుకోవాలి?

చేరండి. ఈ కోర్సులో ఉన్నవాళ్లు ఏ పని నేర్చుకున్నారో నమోదు చేసే పుస్తకాల్లో సంతకాలు పెట్టే పనిలో ఉన్నాం కాబట్టి, ఎక్కడ దెబ్బ తింటారో కూడా తెలుసు. అది కూడా చెబుతాం.

ముందు వీసా సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాని తర్వాతే. కోర్సు మొదలయ్యే రోజుకి కనీసం మూడేళ్లు ఇక్కడ చట్టబద్ధంగా నివాసం ఉండాలి, ఉన్న అనుమతి చదువు కోసం ఇచ్చినది కాకూడదు. మీకు నాలుగేళ్లు అయ్యాయి కాబట్టి ఆ గీత దాటారు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకి ఈ దారి లేదు. రెండో మెలిక గడువుది. కోర్సు పూర్తయ్యేదాకా మీరు ఇక్కడ ఉండగలరా లేదా అని యూనివర్సిటీ నిర్ధారించుకుంటుంది. వీసా ముగిసే తేదీని ఇంటర్వ్యూకి ముందే హెచ్ఆర్ వాళ్లకి చెప్పండి, దాచి లాభం లేదు. మీ వీసా మీ వారి ఉద్యోగం మీద ఆధారపడి ఉంది కాబట్టి, ఆయన ఉద్యోగం మారే ఆలోచన ఏదైనా ఉంటే అదీ ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

బి.కాం ఉండటం అడ్డు కాదు. ఇంగ్లిష్, లెక్కలు రెండింట్లో జీసీఎస్ఈ (ఇక్కడి పదో తరగతి లాంటి పరీక్ష) గ్రేడ్ 4 గానీ, దానికి సమానమైన ఫంక్షనల్ స్కిల్స్ లెవెల్ 2 గానీ అడుగుతారు. మన పదో తరగతి సర్టిఫికెట్‌ని ఒక యూనివర్సిటీ ఒప్పుకుంటుంది, పక్క యూనివర్సిటీ ఒప్పుకోదు. ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. కాదంటే ఫంక్షనల్ స్కిల్స్ పరీక్షలు ఇప్పుడే రాసేయండి. ఇంటర్వ్యూ గెలిచి, ఈ కాగితం లేక ఒక ఏడాది పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

డబ్బు విషయం. ఫీజు మీ మీద పడదు. ఈ కోర్సుకి గరిష్ఠంగా 26,000 పౌండ్ల దాకా అప్రెంటిస్‌షిప్ లెవీ నుంచి వెళుతుంది. ఏటా 30 లక్షల పౌండ్లు దాటి జీతాలిచ్చే సంస్థలన్నీ ఆ జీతాల మీద 0.5 శాతం కట్టే నిధి అది. కానీ ఆ నిధితో మీ జీతం గానీ, మీ బదులు వార్డులో నిలబడే మనిషి జీతం గానీ ఇవ్వకూడదు. ఆ ఖర్చు ట్రస్టు సొంతంగా భరించాలి. సీట్లు తక్కువగా ఉండటానికి అసలు కారణం ఇదే. కోర్సు మధ్యలో మిమ్మల్ని అసిస్టెంట్ పనికి లాగాలని చూడటానికీ ఇదే కారణం. దాని గురించి కింద చెబుతాం.

జీతం ట్రస్టుని బట్టి ఉంటుంది. కొన్ని చోట్ల ఉన్న బ్యాండ్‌లోనే (జీతం మెట్టులోనే) కొనసాగిస్తారు, కొన్ని చోట్ల బ్యాండ్ 3 లేదా 4 ఇస్తారు. చాలామంది లెక్కలో వదిలేసేది రాత్రులకీ ఆదివారాలకీ వచ్చే అదనపు డబ్బు. క్లాసులకి వెళ్లే రోజుల్లో అది రాదు. ఇప్పుడు నెలకి నాలుగైదు రాత్రులు చేస్తుంటే, చేతికొచ్చే మొత్తం తగ్గుతుంది. గత ఆరు నెలల పే స్లిప్పులు ముందు పెట్టుకుని, అదనపు డబ్బు తీసేసి, అద్దె కట్టగలరో లేదో చూసుకోండి. మామూలు నర్సింగ్ విద్యార్థులకి ఏటా వచ్చే 5,000 పౌండ్ల గ్రాంటు అప్రెంటిస్‌లకి ఉండదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక గంటలు. నర్సుల్ని రిజిస్టర్ చేసే నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్, అందరూ ఎన్ఎంసీ అనేది, మొత్తం 4,600 గంటలు అడుగుతుంది. సగం చదువు, సగం ప్రాక్టీస్. ఆ 2,300 ప్రాక్టీస్ గంటల్లో 600 దాకా సిమ్యులేషన్‌లో (నిజమైన రోగులు లేకుండా చేసే అభ్యాసంలో) చేయించవచ్చు, ఎంత చేయిస్తారన్నది యూనివర్సిటీని బట్టి ఉంటుంది. లాంగ్ డేలో, అంటే పగలంతా సాగే షిఫ్టులో, విరామం తీసేస్తే పదకొండున్నర గంటలు మిగులుతాయి అనుకుంటే, 2,300 గంటలంటే సరిగ్గా 200 షిఫ్టులు. విరామం, వార్షిక సెలవు, ఒంట్లో బాగోక ఇంట్లో ఉన్న రోజు, ఏవీ ఈ లెక్కలోకి రావు. పోయిన గంట మళ్లీ చేయాల్సిందే. ఊళ్లో పెళ్లికని అయిదు వారాలు వెళ్తే, ఆ షిఫ్టులు చివరి ఏడాది మీద కూర్చుంటాయి. ప్రయాణాలు యూనివర్సిటీ సెలవుల్లోనే పెట్టుకోండి. కాన్పు లాంటివి వస్తే బ్రేక్ ఇన్ లెర్నింగ్ అని అధికారికంగా కోర్సు ఆపి, తర్వాత మళ్లీ మొదలుపెట్టవచ్చు. చెప్పకుండా మానేస్తే మాత్రం ఆ సౌకర్యం ఉండదు.

ప్రాక్టీస్ గంటల్లో మీరు సూపర్‌న్యూమరరీ. అంటే ఆ షిఫ్టుకి ఎంతమంది సిబ్బంది కావాలో ఆ లెక్కలో మీ పేరు ఉండకూడదు. అప్రెంటిస్‌లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. బయట నుంచి వచ్చిన విద్యార్థిని ఎవరూ ఏమీ అడగరు. మీరు మాత్రం వార్డులో అందరికీ తెలిసిన మనిషి. ఎవరో రాలేదంటే చాలు, ‘ఈ ఒక్కరోజు అబ్జర్వేషన్లు (రోగుల్ని నిర్ణీత సమయాల్లో చూసి రాయడం) చూసుకోమ్మా’ అంటారు. ఒక్కరోజు వారానికి రెండు రోజులవుతుంది. మూడు నెలల తర్వాత మిడ్ పాయింట్ సమీక్షకి కూర్చుంటే పుస్తకంలో సంతకాలు ఉండవు. రోటాలో (షిఫ్టుల పట్టికలో) మీ పేరు పక్కన ‘సూపర్‌న్యూమరరీ’ అని రాసి ఉందో లేదో వారం ముందే చూడండి. రాసి లేకపోతే వార్డు మేనేజర్‌కి అప్పుడే ఈమెయిల్ పెట్టండి. షిఫ్టు మధ్యలో లెక్కలోకి లాగితే ఆ గంటల్ని ప్రాక్టీస్ గంటలుగా రాయకండి, ట్రస్టులోని ప్రాక్టీస్ ఎడ్యుకేషన్ బృందానికి అదే రోజు చెప్పండి. అది ఫిర్యాదు కాదు. మీ రిజిస్ట్రేషన్ ఆ గంటల నిజాయతీ మీద నిలబడుతుంది.

ఉన్న వార్డులోనే పూర్తి కోర్సు చేయనివ్వరు, అది మంచిదే. వృద్ధుల వార్డు, పిల్లల మానసిక ఆరోగ్య సేవలు, క్రైసిస్ టీమ్, కమ్యూనిటీ టీమ్ ఇలా తిప్పుతారు. కమ్యూనిటీలో ఇళ్లకి వెళ్లాలి, డ్రైవింగ్ లైసెన్స్ ఇంకా లేకపోతే మొదటి ఏడాదే తెచ్చుకోండి. మా అభిప్రాయంలో మెంటల్ హెల్త్ విద్యార్థులకి అన్నిటికంటే ఆలస్యమయ్యేవి శారీరక నైపుణ్యాలు: రక్తం తీయడం, ఈసీజీ, మూత్రానికి కాథెటర్ పెట్టడం. అక్యూట్ వార్డులో, అంటే తీవ్ర మానసిక అనారోగ్యంతో చేరేవాళ్ల వార్డులో, కాథెటర్ కనిపించడం అరుదు. దాన్ని వృద్ధుల వార్డులో గానీ జనరల్ ఆస్పత్రి ప్లేస్‌మెంట్‌లో గానీ పట్టుకోవాలి. రక్తం తీయడానికి క్లోజపీన్ (స్కిజోఫ్రెనియాకి వాడే మందు) క్లినిక్‌ని మించిన చోటు లేదు.

క్లోజపీన్ గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే అసిస్టెంట్ చూపుకీ నర్సు చూపుకీ మధ్య తేడా అక్కడ బాగా తెలుస్తుంది. ఈ మందు తెల్లరక్త కణాల్ని పడగొట్టగలదు, అందుకే బ్రిటన్‌లో మొదటి 18 వారాలు వారానికోసారి, ఏడాది నిండేదాకా రెండు వారాలకోసారి, ఆ తర్వాత నెలకోసారి రక్త పరీక్ష. రెండు రోజులకి మించి మోతాదు తప్పితే పాత డోసుతో మళ్లీ మొదలుపెట్టకూడదు, తక్కువ నుంచి పెంచుకుంటూ రావాలి. రోగి సిగరెట్ మానేస్తే రక్తంలో మందు స్థాయి పెరుగుతుంది. పొగ లేని వార్డులో చేరిన మూడో రోజు మనిషి మత్తుగా చొంగ కారుస్తూ కనిపిస్తే కారణం అదే కావచ్చు. అన్నిటికంటే నిశ్శబ్దంగా ప్రాణం మీదకి తెచ్చేది మలబద్ధకం. ఎవరు రెండు రోజులుగా టాయిలెట్‌కి వెళ్లలేదో వార్డులో డాక్టరుకి తెలియదు, అసిస్టెంట్‌కి తెలుస్తుంది. ఇన్నాళ్లూ మీరు చూసి ఊరుకున్న విషయం ఇకపై అడగాలి, రాయాలి, డాక్టరుకి చెప్పాలి.

రాయడం కూడా కొత్తగా నేర్చుకోవాలి. ‘అతను ఎగ్రెసివ్‌గా ఉన్నాడు’ అని రాస్తే సంతకం పెట్టం. ఎన్ని గంటలకి, ఎక్కడ, ఎవరితో, ఏ మాటలు అన్నాడు, అంతకు ముందు ఏం జరిగింది, మీరు ఏం చేశారు, ఏది పనిచేసింది అని రాయాలి. రాత్రి అబ్జర్వేషన్ షీటులో 02:15 గడిలో ‘నిద్రలో ఉన్నారు’ అంటే చాలదు. దుప్పటి కింద ఛాతీ కదలడం చూశారా? గాజు తలుపు అవతల నుంచి కనబడకపోతే తలుపు తీసి చూడాలి. నాలుగు గళ్లూ ఒకేసారి నింపేయడం చిన్న తప్పుగా కనిపిస్తుంది, విచారణ వచ్చినప్పుడు ముందు తీసేది ఆ కాగితమే.

ఆత్మహత్య ఆలోచనల గురించి సూటిగా అడగడం మన తెలుగువాళ్లకి కష్టం. ‘అలాంటి పిచ్చి ఆలోచనలేం రావట్లేదు కదా’ అని తిప్పి అడుగుతాం. ఆ ప్రశ్నలోనే ‘లేదు’ అనే జవాబు ఉంది. ఇంగ్లిష్‌లో మాట్లాడినా అదే అలవాటు వస్తుంది. ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా, ఎలా అని ఆలోచించారా, దగ్గర ఏమైనా ఉందా అని వరుసగా, మామూలు గొంతుతో అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. జవాబులు కూడబెట్టి ‘తక్కువ, మధ్యస్థం, ఎక్కువ’ అని ముద్ర వేయొద్దని నైస్ (చికిత్సా ప్రమాణాలు రాసే ఇక్కడి సంస్థ) 2022 మార్గదర్శకం చెబుతోంది. ఆ మనిషికి ఏది ప్రమాదం, ఏది ఆసరా అన్నది వాక్యాల్లో రాయండి.

మందుల లెక్కల పరీక్ష చివరి మెట్టులో నూటికి నూరు రావాలి, 98 వచ్చినా ఫెయిలే. హాలోపెరిడాల్ అనే మందు ఆంప్యూల్ (చిన్న ఇంజెక్షన్ సీసా) మీద 5 మిల్లీగ్రాములు ఒక మిల్లీలీటరులో అని ఉంటుంది. 2 మిల్లీగ్రాములు ఇవ్వాలంటే రెండుని అయిదుతో భాగించాలి, 0.4 మిల్లీలీటరు. తొందరలో తిరగేసి 2.5 అంటారు. కానీ ఆంప్యూల్‌లో ఉన్నదే ఒక్క మిల్లీలీటరు కదా. జవాబు ఆంప్యూల్ కంటే పెద్దగా వస్తే ఆగండి. రోజుకి పది లెక్కలు మొదటి ఏడాది నుంచే చేయండి.

చట్టం విషయానికొస్తే 1983 మెంటల్ హెల్త్ యాక్ట్. రోగిని ఇష్టం లేకపోయినా ఆస్పత్రిలో సెక్షన్ 2 కింద 28 రోజులు, సెక్షన్ 3 కింద మొదట ఆరు నెలలు ఉంచవచ్చు. మీకు ముఖ్యమైనది 5(4). స్వచ్ఛందంగా చేరిన రోగి తలుపు దగ్గర నిలబడి వెళ్లిపోతానంటాడు, పంపిస్తే ప్రమాదం, డాక్టరు వెంటనే రాలేరు. అప్పుడు మెంటల్ హెల్త్ లేదా లెర్నింగ్ డిసెబిలిటీ నర్సు తన సొంత నిర్ణయంతో ఆరు గంటల దాకా ఆపవచ్చు. డాక్టరు వచ్చేసరికి ఆ అధికారం ముగుస్తుంది. దానికి ఫారం హెచ్2. సమయం ఆ కాగితం రాసినప్పటి నుంచి మొదలవుతుంది కాబట్టి ‘తర్వాత రాస్తాను’ అనకూడదు. మేనేజర్ ఆదేశించినా మీకు సరనిపించకపోతే వాడకూడదు. విద్యార్థిగా దీన్ని వాడలేరు, కానీ ఎవరైనా వాడుతున్నప్పుడు పక్కన నిలబడి చూడండి.

ఇంకో మాట, ఇది మీకు కాదు, ఇదే ప్రశ్నతో వచ్చే మిగతావాళ్లకి. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో బీఎస్సీ నర్సింగ్ చేసి రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఈ నాలుగేళ్ల దారి పట్టక్కర్లేదు. ఎన్ఎంసీ పరీక్షలు, కంప్యూటర్ మీద ఒకటి, ఓఎస్‌సీఈ అనే ప్రాక్టికల్ ఒకటి, అవి రాయడమే దగ్గరి దారి. అలాగే ఈ అప్రెంటిస్‌షిప్ ఇంగ్లండ్‌ది. స్కాట్లాండ్, వేల్స్‌లో ఏర్పాట్లు వేరు.

దరఖాస్తు చేసే ముందు మీ మేనేజర్‌ని మూడు అడగండి: కోర్సులో ఏ బ్యాండ్, నా బదులు మనిషిని పెడతారా, పాసయ్యాక బ్యాండ్ 5 (నర్సు) ఉద్యోగం రాసిస్తారా. రెండో ప్రశ్నకి నీళ్లు నమిలితే సూపర్‌న్యూమరరీ విషయంలో మొదటి రోజు నుంచే జాగ్రత్తగా ఉండండి.

ఆఖరి పరీక్ష పాసయ్యాక యూనివర్సిటీ మీ వివరాలు ఎన్ఎంసీకి పంపుతుంది. ఆరోగ్యం, నడవడి గురించి మీరూ ప్రకటన ఇవ్వాలి, ఫీజు కట్టాలి, ఆ తర్వాత పిన్ (రిజిస్ట్రేషన్ నంబరు) వస్తుంది. ఈ మధ్య వారాల్లో వార్డువాళ్లు ప్రేమగా ‘నర్సమ్మా’ అంటారు, మందుల గది తాళాలు చేతికిస్తారు. తీసుకోకండి. రిజిస్టర్‌లో మీ పేరు మీరు స్వయంగా చూసుకునే దాకా మీరు నర్సు కాదు.