20 నెలల పాపకి ఎక్కువ కాలం వచ్చే కార్ సీట్ ఏది అంటే, మా వాడికి రెండు కొన్న అనుభవంతో

మీ పాపకి 20 నెలలు, 11 కేజీలు, పుట్టినప్పుడు కొన్న బకెట్ సీట్ ఇరుకైపోయింది, కారేమో వెనక ఐసోఫిక్స్ (కార్ సీట్ తగిలించే ఇనప కడ్డీలు) ఉన్న హ్యాచ్‌బ్యాక్, ఒక్కసారి 15 వేల లోపు పెడితే పదేళ్ళు చూసుకోక్కర్లేని సీట్ చెప్పమన్నారు. సరిగ్గా ఇదే మాట మనసులో పెట్టుకుని దాదాపు నాలుగేళ్ళ కిందట నేనూ కొన్నానండి. ఇప్పుడు మా వాడికి ఐదున్నర, కార్లో ఉన్నది రెండో సీటు, మొదటిది అటక మీద ఉంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

మొదటి సీటు పెట్టె మీద "0 నుంచి 7 ఏళ్ళు, 25 కేజీల వరకు" అని ఉంది. ఏడేళ్ళంటే ఇంకేం కావాలి అనుకున్నా, ఎనిమిది వేలు పెట్టి తీసుకున్నాం. వాడికి మూడున్నర ఏళ్ళు వచ్చేసరికే అయిపోయింది. విరిగిపోలేదు, చిరిగిపోలేదు, సీటు శుభ్రంగానే ఉంది, మా వాడే దాన్ని దాటిపోయాడు. వాడిది వాళ్ళ నాన్న పోలిక, కాళ్ళు పొట్టి నడుం పొడుగు, బరువు చూస్తే 14 కేజీలే కానీ కూర్చుంటే భుజాలు సీటులో అన్నిటికన్నా పైన ఉన్న బెల్ట్ కన్నం దాటి పైకి వచ్చేశాయి. ముందు వైపుకి కూర్చోబెట్టినప్పుడు భుజం బెల్టులు భుజానికి సమానంగా గానీ కాస్త పైనుంచి గానీ రావాలి, కిందనుంచి వస్తే గుద్దుకున్నప్పుడు భుజాన్ని కిందకి నొక్కి వెన్నెముక మీద భారం వేస్తాయి. పోనీ లోపలి బెల్టులు తీసేసి బూస్టర్‌లా, అంటే ఎత్తుగా కూర్చోబెట్టి కారు బెల్టే పెడదామా అంటే దానికి కనీసం 15 కేజీలు ఉండాలని మాన్యువల్లో రాసుంది. అంటే బెల్టుకి ఎత్తు ఎక్కువ, బూస్టర్‌కి బరువు తక్కువ, ఎటూ కాకుండా మధ్యలో ఇరుక్కున్నాం. ఈ మాన్యువల్ నేను కొన్న రోజు చదివి ఉంటే ఎంత బావుండేది, మూడున్నర ఏళ్ళకి అటక మీంచి తీసి చదివా.

అప్పుడు అర్థమైంది ఆ కేజీల లెక్క. మన దగ్గర దొరికే చాలా సీట్లు ఈసీఈ ఆర్44 అనే యూరప్ స్టాండర్డ్ ప్రకారం గ్రూపులుగా వస్తాయి. 0+ అంటే 13 కేజీల వరకు, 1 అంటే 9 నుంచి 18, 2 అంటే 15 నుంచి 25, 3 అంటే 22 నుంచి 36. "0-25 కేజీ" అని రాస్తే సీటు లోపలి అయిదు పాయింట్ల బెల్టు (రెండు భుజాలు, నడుం రెండు పక్కలు, కాళ్ళ మధ్య పట్టుకునేది) 25 వరకు వస్తుందనుకుంటాం, అక్కడే బోల్తా పడతాం. ఆ లోపలి బెల్టు మామూలుగా 18 కేజీలతోనే ఆగిపోతుంది, ఆ తర్వాత అది వట్టి బూస్టర్, పిల్లని పట్టుకునేది కారు బెల్టే. "9-36" అని 12 ఏళ్ళు రాసి అమ్మేవాటిదీ ఇదే కథ. కొత్త స్టాండర్డ్ ఆర్129, ఐ-సైజ్ అంటారు, అందులో కేజీల బదులు సెంటీమీటర్లు ఉంటాయి, పక్కనుంచి గుద్దుకునే టెస్ట్ కూడా పెట్టారు, దొరికితే అదే మేలు. ఏది కొన్నా సీటు వెనకో అడుగునో నారింజ రంగు స్టిక్కర్ ఉండాలి, గుండ్రంలో ఇంగ్లీషు E అక్షరం, పక్కన ఒక నంబర్. ఆన్‌లైన్ పేజీలో "యూరోపియన్ సేఫ్టీ" అని రాసి ఆ స్టిక్కర్ ఫోటో పెట్టనివాటి జోలికి నేనైతే వెళ్ళను.

సరే, మీ పని. ఈ రాత్రే పాపని గోడకి ఆనించి నేల మీద కూర్చోబెట్టండి (ఒక్క నిమిషం కదలకుండా కూర్చోబెట్టడమే అసలు పరీక్ష, మేం ఫోన్‌లో పాట పెట్టాం), నేల నుంచి భుజం పైవరకు టేపుతో కొలవండి. మా వాడికి 20 నెలలప్పుడు 30 సెంటీమీటర్లు, మూడున్నరకి 37. మొదటి సీటులో పై కన్నం 36 దగ్గరే ఉంది, అంతే, కథ అక్కడే రాసిపెట్టి ఉంది, నేనే చూడలేదు. రెండోది కొనేటప్పుడు టేపు హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని షాపుకెళ్ళా, కూర్చునే చోటు నుంచి పై కన్నం వరకు కొలుస్తుంటే సేల్స్ అబ్బాయి బట్టలు కుట్టిస్తారా మేడమ్ అన్నాడు. అన్నీ చూస్తే పైకి 36 నుంచి 43 దాకా తేడా ఉంది, పెట్టె మీద మాత్రం అన్నిటికీ దాదాపు అవే ఏళ్ళు. ఆన్‌లైన్‌లో కొనేట్టయితే ఈ కొలత అడగండి, చెప్పకపోతే రిటర్న్ ఉన్న చోట తీసుకోండి.

ఇంకోటి, పాపకి 20 నెలలు కదా అని అప్పుడే ముందుకి తిప్పేయకండి. మా ఇంట్లో పెద్ద గొడవైంది దీని మీదే. పసిపిల్లలకి ఒంటితో పోలిస్తే తల పెద్దది, మెడ ఇంకా గట్టిపడదు, ఎదురుగా గుద్దుకుంటే ముందుకి చూసే పిల్లకి ఒళ్ళంతా బెల్టు పట్టుకుంటుంది కానీ తల విసురుగా ముందుకి పోతుంది. వెనక్కి చూస్తూ కూర్చుంటే తల, మెడ, వీపు అంతా సీటు పెంకులోకి ఒరుగుతుంది. ఐ-సైజ్‌లో కనీసం 15 నెలల దాకా వెనక్కే ఉంచాలని రూలు, కానీ అది కనీసం మాత్రమే, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2018 నుంచి చెప్తున్నది సీటు ఒప్పుకున్నంత కాలం వెనక్కే ఉంచమని. కాబట్టి వెనక్కి తిప్పి 13 కేజీల వరకే పనికొచ్చే సీటు మీకు దండగ, మీ పాప అప్పుడే 11, ఇంకో ఏడాది కూడా రాకపోవచ్చు. 18 కేజీలు లేదా 105 సెంటీమీటర్ల వరకు వెనక్కి ఉంచగలిగేవి ఉన్నాయి, అవి చూడండి. వెనక్కి ఉన్నప్పుడు భుజం బెల్టు లెక్క తిరగబడుతుంది, భుజానికి సమానంగా లేదా కాస్త కిందనుంచి రావాలి. కాళ్ళు ఇరుకవుతాయేమో అని అందరూ అడుగుతారు, మా వాడు హాయిగా బాసింపట్టు వేసుకుని కూర్చునేవాడు, ఒక్కోసారి కారు సీటు మీదకి కాళ్ళు చాపి పడుకునేవాడు, మనకే అయ్యో అనిపిస్తుంది, వాళ్ళకేం లేదు. అలా మూడేళ్ళు దాటేదాకా ఉన్నాడు.

మా అత్తయ్య గారు మాత్రం మొదట్లో అస్సలు ఒప్పుకోలేదు. మేం హైదరాబాద్ నుంచి తెనాలి వెళ్ళాలంటే విజయవాడ హైవే మీదే కదా, పంతంగి టోల్ దాటకముందే "పసివాడిని ఆ కుర్చీకి కట్టేసి ఏంటమ్మా, నా ఒళ్ళో వెయ్యి" అని మొదలెట్టేవారు. మా ఆయన ఒకరోజు సూర్యాపేటలో టీ తాగుతూ లెక్క చెప్పారు: 50 స్పీడ్‌లో వెళ్ళే కారు గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిందనుకో అమ్మా, 12 కేజీల మనవడు నీ చేతుల్లోంచి 170 కేజీల బలంతో లాగేస్తాడు, అంటే 25 కేజీల బియ్యం బస్తాలు దాదాపు ఏడు, ఒక్క బస్తా ఎత్తగలవా అని. ఆవిడ ఏం మాట్లాడలేదు, టీ గ్లాసు పెట్టేసి వెళ్ళి కార్లో కూర్చున్నారు. నిజానికి లెక్క కన్నా మోకాళ్ళ నొప్పి ఎక్కువ పనిచేసింది అని నా అనుమానం, ఐదు గంటలు ఒళ్ళో పిల్లాడు లేకపోతే ఆవిడ మోకాళ్ళకి సుఖం. ఇప్పుడు ఆవిడ పెద్దమ్మాయి వచ్చినా సరే, బెల్టు పెట్టందే కారు కదలనివ్వరు. చట్టం సంగతి కూడా వాడుకోవచ్చు ఇంట్లో వాదనకి, 2019 మోటార్ వాహనాల సవరణ చట్టంలో 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లల్ని బెల్టుతో గానీ చైల్డ్ సీటుతో గానీ కూర్చోబెట్టకపోతే వెయ్యి రూపాయల ఫైన్.

బిగించడం గురించి. ఐసోఫిక్స్ అంటే వెనక సీటు కిందా మీదా మెత్తలు కలిసే చోట వేళ్ళు పెట్టి చూస్తే తగిలే రెండు ఇనప కడ్డీలు, కార్ సీట్ కొక్కేలు వాటికి టక్ మని పట్టుకుంటాయి. మామూలుగా కిటికీల వైపు సీట్లకే ఉంటాయి, మధ్య సీటుకి ఉండవు. కానీ ఈ రెండే చాలవు, ముందుకి పడకుండా మూడో ఆసరా కావాలి, అయితే టాప్ టెథర్ అని సీటు పైభాగం నుంచి వెనక కొక్కేనికి తగిలించే పట్టీ, లేదంటే కింద నేలకి ఆనే కాలు. చాలామంది ఆ పట్టీని తగిలించకుండా వదిలేస్తారు, మా చెల్లెలు కూడా, నేను వెళ్ళి చూస్తే డిక్కీలో ఊగులాడుతోంది. మీది హ్యాచ్‌బ్యాక్ కాబట్టి దాని కొక్కెం వెనక సీటు వీపు మీదే ఉండొచ్చు, కారు మాన్యువల్‌లో చూడండి. కాలు ఉన్న సీటైతే మీ కారు నేలలో స్టోరేజ్ డబ్బా లాంటిది ఉందేమో చూసుకోండి, దాని మూత మీద ఆనించకూడదు. బిగించాక కార్ సీట్‌ని కారుకి బిగించిన చోట పట్టుకుని ఊపితే ఒక అంగుళం కన్నా కదలకూడదు. పాపకి బెల్టు పెట్టాక భుజం దగ్గర పట్టీని వేళ్ళతో గిల్లి చూడండి, మడత దొరికితే వదులుగా ఉన్నట్టే. ఇక ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీటులో వెనక్కి తిప్పిన సీటు పెట్టొద్దు, ఇందులో రెండో మాట లేదు.

అమెరికాలో ఉన్న అక్కో బావో "మా పిల్లది ఉంది, పంపిస్తా" అంటారు, మాకూ వచ్చింది ఆ ఆఫర్. రెండు ఆలోచించండి. అక్కడి సీటుని బెల్టుతో బిగించడమనేది అక్కడి కారు బెల్టుని మొత్తం లాగితే లాక్ అయ్యే ఏర్పాటు ఉంటుందన్న లెక్కతో చేస్తారు, మన కార్లలో అది మామూలుగా ఉండదు. రెండోది, ప్లాస్టిక్ మీద గడువు తేదీ అచ్చు వేసి ఉంటుంది, ముందు అది ఫోటో పంపమనండి. ఒకసారి యాక్సిడెంట్ చూసిన సీటైతే బయటికి బాగానే కనిపించినా వద్దు, అందుకే ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గర సెకండ్ హ్యాండ్ కొనకండి.

మన్నిక అంటే మన ఊళ్ళో ముందు ఎండ. మేలో ఆఫీసు బయట నిలిపిన కార్లో బకిల్ మీద ఉన్న ఇనప ముక్క తొడకి తగిలి మా వాడు ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచి దిగగానే సీటు మీద తెల్ల పంచె కప్పుతా, ఎక్కే ముందు బకిల్ చేత్తో ముట్టుకుని చూస్తా. నల్ల గుడ్డ సీటు కొనకండి, ముద్దుగా కనిపిస్తుంది కానీ వీపంతా చెమటే. రెండోది ఉతుకు. కవర్ తీయడానికి బెల్టులన్నీ ఊడదీయాల్సిన సీటైతే మీరు ఉతకరు, నేనూ ఉతకలేదు, పెరుగన్నం వాసనతో రెండు నెలలు తిరిగాం. బెల్టులు ఊడదీయకుండా కవర్ వచ్చేదే చూడండి. బెల్టు పట్టీలని మాత్రం సర్ఫ్‌లో నానబెట్టకూడదు, తడిగుడ్డతో తుడవడమే. ఇక ఆ బకిల్, ఒకరోజు ఎంత నొక్కినా క్లిక్ అవ్వలేదు, ఎర్ర బటన్ సగంలో ఆగిపోతోంది. పాడైందనుకుని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయబోయా, మా ఆయన దాన్ని కిందనుంచి తీసి తలకిందులు చేసి తట్టారు, జంతికల పొడి, సగం బిస్కెట్టు, ఒక కందిపప్పు గింజ (అది ఎలా వెళ్ళిందో ఇప్పటికీ తెలీదు). గోరువెచ్చని నీళ్ళలో ముంచి నాలుగైదు సార్లు నొక్కి, నీడలో ఆరబెడితే కొత్తదాన్లా పనిచేసింది. నూనె మాత్రం వేయకండి, ఇంకా మట్టి పట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు మీ ప్రశ్న, పదేళ్ళకి ఒకటే సీటు. నేను రెండు కొనమంటా. లెక్క చూడండి, ఇప్పట్నుంచి నాలుగేళ్ళ వయసు దాకా అయిదు పాయింట్ల బెల్టు కాలం, అంటే రెండేళ్ళు పైచిలుకు. ఆ తర్వాత బూస్టర్ కాలం, అది ఆరేడేళ్ళు, యూరప్‌లో 150 సెంటీమీటర్ల ఎత్తు దాకా వాడమంటారు, కొన్ని దేశాల్లో 135. అన్నీ చేసే సీటులో ఆ చివరి ఆరేళ్ళ భాగమే మామూలుగా ఇరుకు, అప్పటికి ఎండకి రంగు పోయి, స్పాంజి నలిగి, పిల్లకి కూడా "చిన్నపిల్లల సీటు" అని మొహమాటం మొదలవుతుంది. పైగా మీ 15 వేలు చూస్తే, వెనక్కి 18 కేజీల దాకా ఉంచే ఐసోఫిక్స్ సీటుకే అటూ ఇటూగా అంతా అయిపోతుంది, ఆ తర్వాత వీపు ఉన్న బూస్టర్ అందులో సగం కూడా ఉండదు, అందులో పెద్ద మెకానిజం ఏమీ లేదు, పాడవడానికీ ఏమీ లేదు. మా రెండో సీటు బెల్టుతో మొదలై బూస్టర్ అయ్యేదే, 16 వేలు పెట్టాం. మొదటి ఎనిమిది వేలతో కలిపితే 24, అదే మొదట్లోనే సరిగ్గా కొంటే 20లో అయిపోయేది, మా ఆయన ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు.

ఇంట్లో రెండో బిడ్డ ఆలోచన ఉంటే చెప్పండి, అప్పుడు లెక్క వేరు, మొదటి సీటు మీద కాస్త ఎక్కువ పెట్టడమే లాభం. ఇంకొకటి, వెనక సీటులో ఈ సీటు పెట్టాక ఇంకా ఇద్దరే సుఖంగా కూర్చోగలరు, అది కూడా వెనక్కి తిప్పి పెడితే ముందు సీటు కొంచెం ముందుకి జరపాల్సి వస్తుంది, పొడుగు మనిషి డ్రైవ్ చేస్తే సీటుని డ్రైవర్ వెనక కాకుండా అటువైపు పెట్టండి. వీలైతే కొనే ముందు షాపు వాళ్ళని అడిగి డిస్‌ప్లే సీటు ఒకసారి మీ కార్లో పెట్టి చూడండి, మాకు రెండోసారి ఒప్పుకున్నారు, పార్కింగ్‌లో పది నిమిషాలు పట్టింది. పాప భుజం కొలత ఎంతొచ్చిందో కింద రాయండి, మీరు చూస్తున్న సీట్ల పేర్లు కూడా, నాకు తెలిసింది చెప్తా.