ర్యాప్ వింటూ ఇంగ్లిష్ నేర్చుకుంటానన్న మా చిన్నాకి

చిన్నా,

ర్యాప్ పాటలతో ఇంగ్లిష్ నేర్చుకుంటానన్నావని మీ నాన్న కేకలేశాడట, అమ్మ ఫోన్‌లో చెప్పింది. ప్లస్ టూ పరీక్షలు పెట్టుకుని ఈ గోలేంటని ఆయన టెన్షన్. ఆయనతో నేను మాట్లాడతాలే. ఇన్నేళ్ళు ఇంగ్లిష్ పాఠాలు చెప్పినదాన్ని, పెద్దమ్మ మాట మరీ తీసిపారేయడు. కానీ ఒక పద్ధతంటూ లేకుండా వింటే మాత్రం ఆయనన్నదే నిజమవుతుంది.

ఒక్క పాట తీసుకో, అందులో ఒక్క వెర్స్, అంటే ఒక చరణం. మామూలుగా పదహారు బార్లుంటుంది, అంటే ఇంచుమించు పదహారు లైన్లు, వారానికి అది చాలు. తుపాకీ పేల్చినట్టు పాడేవాళ్ళ జోలికి ఇప్పుడే పోకు. నిదానంగా కథ చెప్పుకుంటూ పోయే పాట చూసుకో. లిరిక్స్ తెరవకుండా, వినిపించింది వినిపించినట్టు నోటుబుక్కులో రాయి. తెలుగు లిపిలో రాసినా పర్వాలేదు. ఆ తర్వాతే లిరిక్స్ చూడు. నువ్వు జారవిడిచినవి ఎక్కువగా చిన్న మాటలే అయి ఉంటాయి: ఆఫ్, టు, అండ్, హావ్. వాళ్ళు వాటిని సగం మింగేస్తారు. 'గోయింగ్ టు' కాస్తా 'గొన్నా' అయిపోతుంది. మనమేమో తెలుగైనా ఒడియా అయినా ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. వాళ్ళ మాట మన చెవికి అందకపోవడానికి సగం కారణం అదే.

అందుకే బీట్‌కి తగ్గట్టు బల్ల మీద తడుతూ విను. మాటలో నొక్కి పలికే భాగం, అంటే ఊనిక ఉన్నది, ఎక్కువసార్లు ఆ దెబ్బ మీదే పడుతుంది. 'ఫొటోగ్రాఫ్'లో ఊనిక మొదటి భాగం మీద ఉంటే, 'ఫొటోగ్రాఫర్' అనగానే రెండోదానికి జరుగుతుంది. ఈ సంగతి నేను బోర్డు మీద గీతలు గీసి చెబితే పిల్లలు ఆవులించేవారు. ప్రాస కూడా పనికొస్తుంది. ఓ-యు-జి-హెచ్ అనే నాలుగక్షరాలు ఒక మాటలో 'ఓ' అని, ఇంకో మాటలో 'అఫ్' అని పలుకుతాయి. పాటలో 'దో' పక్కన 'గో', 'టఫ్' పక్కన 'స్టఫ్' వచ్చాయంటే ఇక మర్చిపోవు. కాకపోతే ప్రాస కోసం మాటను వంచేవాళ్ళూ ఉంటారు, డిక్షనరీలో ఉచ్చారణ ఒకసారి విని చూసుకో.

ఇప్పుడు గ్రామర్. అసలు కష్టమంతా ఇక్కడే. హిప్ హాప్ 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో, నల్లవాళ్ళూ కరీబియన్ నుంచి, ప్యూర్టో రికో నుంచి వచ్చినవాళ్ళూ ఉండే పేటల్లో పుట్టింది. ఆ పాటల్లో ఎక్కువగా వినిపించేది నల్లవాళ్ళ వాడుక ఇంగ్లిష్. 'హీ బీ వర్కింగ్' అని వింటే తప్పనుకుంటావు. కాదు, వాడు ఎప్పుడూ పనిలోనే ఉంటాడని దాని అర్థం. 'హీ వర్కింగ్' అంటే ఇప్పుడు పనిలో ఉన్నాడని. 'ఈజ్' ఎగిరిపోవడానికీ లెక్కుంది: మామూలు ఇంగ్లిష్‌లో 'హీజ్' అని కుదించగలిగిన చోటే అది పోతుంది. 'ఐ యామ్'లో 'యామ్' మాత్రం పోదు. 1960ల్లో విలియం లబోవ్ అనే భాషావేత్త న్యూయార్క్‌లోనే నల్లవాళ్ళుండే హార్లెమ్ పేట కుర్రాళ్ళ మాటలు రికార్డు చేసి మరీ ఈ లెక్క తేల్చాడు. మన పర్లాకిమిడికి ఇదేం కొత్త గొడవ కాదులే. గిడుగు రామమూర్తి గారు ఇక్కడ పాఠాలు చెబుతూనే, జనం మాట్లాడే తెలుగు తప్పుల తెలుగు కాదని పండితులతో పోట్లాడారు. సవరల నోట విని నేర్చుకున్న సవర భాషకి 1931లో వ్యాకరణమూ అచ్చువేయించారు.

అలాగని పరీక్షలో 'హీ బీ వర్కింగ్' అని రాస్తే మార్కు పోతుంది. పైగా మనకి 'ఈజ్' వదిలేసే అలవాటు వేరే దారిలో ముందే ఉంది, 'వాడు మా తమ్ముడు' అనడానికి తెలుగులో క్రియే అక్కర్లేదు కదా. కాబట్టి నోటుబుక్కులో ఎడమ పేజీలో పాట లైను రాయి, కుడి పేజీలో అదే మాట పాఠ్యపుస్తకం ఇంగ్లిష్‌లో రాయి. 'షీ డోంట్ నో' ఎదురుగా 'షీ డజంట్ నో'. 'ఐ ఏంట్ గాట్ నథింగ్' ఎదురుగా 'ఐ డోంట్ హావ్ ఎనీథింగ్'. ఏం మారిందో, ఎందుకు మారిందో కింద ఒక ముక్క రాసుకో. గ్రామర్ వచ్చేది ఈ పనితోనే, ఉత్తినే వింటే రాదు.

కొత్త మాటల్ని విడిగా బట్టీ పట్టకు, లైనుతో పాటు రాసుకో. డిక్షనరీ 'స్లాంగ్' అన్న మాటల కింద గీత గీసి పెట్టుకో, అవి ఇంటర్వ్యూలో నోరు జారకూడదు. బూతులుంటాయి, అవెలాగూ నీకు ముందే తెలిసుంటాయి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా. నల్లవాళ్ళు తమలో తాము వాడుకునే, ఎన్ అక్షరంతో మొదలయ్యే మాట ఒకటుంది. బానిసలుగా ఉన్నప్పటి నుంచీ వాళ్ళని అవమానించడానికి వాడిన మాట అది. పాటతో కలిసి పాడుతున్నా సరే, అది నీ నోటి నుంచి రాకూడదు.

దసరా సెలవులకి గుణుపూర్‌లో బండెక్కేటప్పుడు ఆ నోటుబుక్కు తెచ్చుకో. ఇద్దరం కూర్చుని చూద్దాం. ఈలోగా మీ నాన్న అడిగితే కుడి పేజీలు మాత్రం చూపించు.

పెద్దమ్మ
పర్లాకిమిడి