టెక్ సందేహాలు: ఆ కీచు తీసేయొద్దు

ప్రశ్న: గిటారు, ఒక్క గొంతు తప్ప ఇంకేమీ లేని ఇంగ్లిష్ జానపద పాటలు ఈమధ్య తెగ వింటున్నాను. తీగల మీద వేళ్లు జరిగినప్పుడల్లా కీచుమంటోంది, పాడేవాళ్ల ఊపిరి కూడా వినిపిస్తోంది. ఇయర్‌ఫోన్స్ పాడయ్యాయా? ఆ చప్పుడు తీసేసే యాప్ ఉందా?
– ఓ పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: పాటను కాస్త వెనక్కి జరిపి మళ్లీ వినండి. చప్పుడు సరిగ్గా అదే చోట వస్తే అది రికార్డింగ్‌లోదే. చోటు మారుతుంటే ఇయర్‌ఫోన్స్‌నో బ్లూటూత్‌నో అనుమానించాలి. మీరు చెప్పినదాన్ని బట్టి మొదటిదే. గిటారు లావు తీగలకు సన్నటి లోహపు తీగ చుట్టి ఉంటుంది, దానిమీద వేలు జారితే కీచు తప్పదు. సినిమా పాటలో అది డ్రమ్స్, వయొలిన్ల కింద కలిసిపోతుంది. ఇక్కడ దాన్ని కప్పేదేమీ లేదు, పైగా మైకు నోటి దగ్గరే ఉంటుంది. పాడే మనిషి మన గదిలోనే ఉన్నట్టనిపించేది అందుకే. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'నెబ్రాస్కా' ఆల్బమ్ పాటల్ని ఇంట్లో నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద పాడి పెట్టుకున్నారు. తర్వాత స్టూడియోలో బ్యాండ్‌తో చేసి చూసినా ఆయనకు నచ్చలేదు. 1982లో ఆ క్యాసెట్ పాటలే ఆల్బమ్‌గా వచ్చాయి.

కాబట్టి యాప్ జోలికి పోకండి. ఈక్వలైజర్, బాస్ బూస్ట్, సరౌండ్ ఎఫెక్టులు ఆపేయండి. బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో కాకుండా ఇంట్లో రాత్రిపూట, సౌండ్ తగ్గించి వినండి.

ప్రశ్న: మా నాన్నగారు తంబుర మీటుతూ తత్వాలు పాడతారు. ఫోన్‌లో రికార్డు చేస్తే గొంతు బాగానే వస్తోంది, తంబుర మాత్రం కాసేపటికే సన్నగిల్లుతోంది. మంచి మైకు కొనాలా?
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఇప్పుడే కొనకండి. ఇది చాలావరకు ఫోన్‌లోని నాయిస్ రిడక్షన్ పని. ఆగకుండా ఒకే తీరున మోగేదాన్ని అది ఫ్యాన్ హోరు అనుకుని అణిచేస్తుంది. తంబుర శ్రుతి సరిగ్గా అలాంటిదే! అది పోతే తత్వానికి ఆధారమే పోయినట్టు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో అసలు రికార్డు చేయొద్దు. రికార్డర్ యాప్ సెట్టింగుల్లో నాయిస్ రిడక్షన్ లాంటి ఆప్షన్ కనిపిస్తే ఆపేయండి, ఫైలు రకాల్లో శబ్దాన్ని కుదించకుండా దాచే 'వేవ్' (WAV) ఉంటే అదే పెట్టండి. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, మడతపెట్టిన తువ్వాలు మీద మూరెడు దూరంలో పెట్టండి. గుంటూరు ఎండల్లో ఫ్యాన్ లేకుండా పెద్దాయన్ని కూర్చోబెట్టలేం, తెల్లవారుజామున పాడించండి. ముందు ఒక్క చరణం రికార్డు చేసి, తంబుర ఇంకా తక్కువగా వినిపిస్తే ఫోన్‌ను దాని బుర్రవైపు జరపండి. ఆ తత్వం ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా ఆయన నోటితోనే చెప్పించి రికార్డు చేయండి. బంధువులకు పంపేటప్పుడు వాట్సాప్‌లో 'డాక్యుమెంట్'గా జతచేస్తే ఫైలు ఉన్నదున్నట్టే వెళ్తుంది.