మీ ప్రశ్నలు – మా జవాబులు: యుద్ధవిమాన సిమ్యులేటర్లలో ట్రిమ్

ప్రశ్న: డీసీఎస్ అనే కంప్యూటర్ సిమ్యులేటర్‌లో పీ-51డీ యుద్ధవిమానం నడుపుతున్నాను. ట్రిమ్ ఎంత సరిచేసినా నిలవడం లేదు. వేగం మారితే చాలు, ముక్కు పైకో కిందికో పోతోంది. అసలు విమానం కూడా ఇంతేనా? – హనుమకొండ పాఠకుడు

జవాబు: అంతేనండి. ట్రిమ్ అంటే స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) మీద చేతి బలం పెట్టకుండానే విమానం తిన్నగా పోయేలా చేసే సర్దుబాటు. అది ఒక వేగానికి, ఒక పవర్‌కి మాత్రమే కుదురుతుంది. రెండింట్లో ఏది మారినా మళ్లీ తిప్పుకోవాల్సిందే. అయితే మీ విషయంలో ముందు ఇంధనం చూడండి. ఈ విమానంలో పైలట్ వెనక 85 గ్యాలన్ల ట్యాంకు ఉంది. అది నిండుగా ఉంటే బరువు వెనక్కి జరిగి, విమానానికి నిలకడ పోతుంది. అప్పుడు ఏ ట్రిమ్మూ నిలవదు. రెండు రెక్కల్లో పట్టేది 184 గ్యాలన్లు, అంటే మొత్తంలో దాదాపు 68 శాతం. మిషన్‌లో ఇంధనం అంతకు మించకుండా పెట్టి ఒకసారి ఎగరండి, తేడా మీకే తెలుస్తుంది. ట్యాంకు నింపక తప్పకపోతే, పోరులోకి దిగేలోపు ముందుగా దాన్నే వాడేయండి.

వెనక ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు టేకాఫ్‌కి రడ్డర్ (ముక్కుని ఎడమకీ కుడికీ తిప్పే పలక) ట్రిమ్ కుడికి 6 డిగ్రీలు, ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పేది) 0, ఎయిలరాన్ (విమానాన్ని పక్కకి ఒరిగించేది) 0 పెట్టండి. గాల్లోకి లేచాక ముందు పవర్ పెట్టండి. ముక్కుని స్టిక్‌తోనే కావలసిన చోట పట్టుకుని, వేగం కుదురుకునేదాకా ఆగండి. చేతికి బరువు తెలియకుండా పోయేదాకా ఎలివేటర్ ట్రిమ్ తిప్పి, తర్వాత విమానం పక్కకు జారుతోందా అని చూపే మీటర్‌లోని బంతి మధ్యలోకి వచ్చేలా రడ్డర్ సరిచేయండి. ఎయిలరాన్ అన్నిటికన్నా చివర. వేగం ఇంకా పెరుగుతుండగానే ట్రిమ్‌తో ముక్కుని తిప్పబోతే దాని వెంట పరిగెత్తడమే సరిపోతుంది.

ప్రశ్న: అసలు విమానంలో ట్రిమ్ తిప్పితే స్టిక్ కూడా జరుగుతుందని విన్నాను. నా జాయ్‌స్టిక్ మాత్రం ఎప్పుడూ మధ్యకే వస్తుంది. మరి సిమ్యులేటర్ లెక్క తప్పా? – విశాఖ పాఠకురాలు

జవాబు: లెక్క తప్పు కాదు, తేడా అంతా మీ చేతిలోని స్ప్రింగుది. పీ-51లో ట్రిమ్ చక్రం తిప్పితే ఎలివేటర్ అంచున ఉన్న చిన్న ట్యాబ్ కదులుతుంది. గాలి ఆ ట్యాబ్‌ని నెట్టడంతో ఎలివేటర్, దాంతోపాటు స్టిక్ కొత్త చోటికి వెళ్లి అక్కడే నిలుస్తాయి. మీ స్ప్రింగు ఆ కొత్త చోటు చూపలేదు గనక, సిమ్యులేటర్ ట్రిమ్‌ని మీ జాయ్‌స్టిక్ కదలికకు కలిపేస్తుంది. అందుకే జాయ్‌స్టిక్‌ని వెనక్కి లాగిపట్టి ట్రిమ్ ఒకేసారి ఎక్కువగా ఇస్తే ముక్కు ఎగిరిపడుతుంది. ఒక్కొక్క నొక్కుకీ చేతిని కొంచెం కొంచెంగా మధ్యకు వదులుతూ రండి.

ట్రిమ్‌ని స్లైడర్‌కి (జరిపే మీటకి) ఇవ్వకండి, జాయ్‌స్టిక్ మీద బొటనవేలితో నొక్కే నాలుగు దిక్కుల హ్యాట్ స్విచ్ మేలు. అసలు చక్రాన్ని తిప్పడానికి సమయం పడుతుంది; స్లైడర్ ఈ చివర నుంచి ఆ చివరకు క్షణంలో పోతుంది. దాన్ని నిజం అనలేం. స్లైడర్ తప్పదంటే మిషన్ మొదలయ్యేముందే మధ్యలో పెట్టుకోండి. జాయ్‌స్టిక్ వదిలినా సెట్టింగుల్లోని యాక్సిస్ తెరలో గుర్తు సున్నాకి రాకపోతే కొంచెం డెడ్‌జోన్ (మధ్యలో చిన్న కదలికల్ని లెక్కించని జాగా) ఇవ్వండి. లేకపోతే ట్రిమ్ మీద నింద పడుతుంది. ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ జాయ్‌స్టిక్‌లో మోటారే మధ్య స్థానాన్ని జరుపుతుంది గనక ఈ తంటా లేదు. ఖరీదు ఎక్కువే అయినా, ట్రిమ్ అంటే ఏమిటో చేతికి తెలిసేది దానితోనే.

ప్రశ్న: జర్మన్ యుద్ధవిమానం బీఎఫ్ 109కి రడ్డర్ ట్రిమ్ మీట ఎక్కడా దొరకలేదు. సిమ్యులేటర్‌లో మరిచిపోయారా? – గుంటూరు పాఠకుడు

జవాబు: అసలు విమానంలోనే లేదు. రడ్డర్, ఎయిలరాన్ అంచుల్లో ఉన్న రేకు ముక్కల్ని నేల మీద మెకానిక్ వంచి సరిచేసేవాడు. గాల్లో పైలట్ చేయగలిగిందేమీ లేదు. పైకి ఎక్కేటప్పుడు కుడి పెడల్ తొక్కాలి, వేగంగా దూకేటప్పుడు దానికి ఎదురు. సీటుకు ఎడమపక్కన ఉన్న చక్రం తోక రెక్క మొత్తాన్నీ తిప్పుతుంది. దాని పక్కనే ఫ్లాప్ (రెక్క వెనక అంచున దించే పలక) చక్రం ఉంటుంది, రెండిటినీ ఒకే చేత్తో కలిపి తిప్పొచ్చు. అధిక వేగంలో ఎలివేటర్ బిగుసుకున్నప్పుడు తోక రెక్క చక్రం అక్కరకొస్తుంది, కానీ పిసరంత తిప్పినా విమానం మీద భారం ఒక్కసారిగా పెరుగుతుంది. మలుపుల కోసమని ముక్కు పైకి ట్రిమ్ చేసి వదిలేసేవాళ్లున్నారు. అలా చేస్తే గురిపెట్టేటప్పుడు స్టిక్‌ని ముందుకు నెట్టిపట్టాల్సి వచ్చి గుళ్లు చెదురుతాయి. మీరు ఏ వేగంలో కాలుస్తారో ఆ వేగానికే ట్రిమ్ చేసుకోండి.

ప్రశ్న: కేఏ-50 హెలికాప్టర్‌లో ట్రిమ్ బటన్ వదలగానే ముక్కు దభీమని వాలుతోంది. – హైదరాబాద్ పాఠకుడు

జవాబు: బటన్ వదిలిన క్షణంలో ఉన్న స్టిక్ స్థానం ట్రిమ్‌గా నిలిచిపోతుంది. మీ జాయ్‌స్టిక్ ఇంకా ముందుకే ఉంటే అదే కదలిక రెండోసారి కలుస్తుంది. ప్రత్యేక ఆప్షన్లలో ‘సెంట్రల్ పొజిషన్ ట్రిమ్మర్ మోడ్’ పెట్టండి. జాయ్‌స్టిక్ మధ్యకు వచ్చేదాకా సిమ్యులేటర్ దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఇంకొకటి: వంగేటప్పుడు, తిరిగేటప్పుడు బటన్ నొక్కే ఉంచండి. నొక్కకుండా కదిపితే ఆటోపైలట్ తనకున్న 20 శాతం అధికారంతో (కంట్రోళ్లని అంతమేరకే అది కదపగలదు) పాత భంగిమకే లాగుతుంది.

ప్రశ్న: ఎఫ్/ఏ-18 యుద్ధవిమానం నౌక మీంచి లేవగానే నీళ్లవైపు జారుతోంది. – కాకినాడ పాఠకుడు

జవాబు: టేకాఫ్ ట్రిమ్ బటన్ స్టెబిలైజర్‌కి (తోక రెక్కకి) ఇచ్చే 12 డిగ్రీలు రన్‌వేకి. కాటపుల్ట్‌కి (నౌక మీంచి విమానాన్ని విసిరే యంత్రానికి) బరువును బట్టి హ్యాట్‌తో మీరే పెట్టాలి: 44 వేల పౌండ్లదాకా 16 డిగ్రీలు, 45 నుంచి 48 వేలదాకా 17, 49 వేలు దాటితే 19. బరువు, స్టెబిలైజర్ కోణం రెండూ కాక్‌పిట్ తెరలోని చెక్‌లిస్ట్ పేజీలో కనిపిస్తాయి. కాటపుల్ట్ లాగుతున్నప్పుడు జాయ్‌స్టిక్ వదిలేయండి.