ముందు ఎనిమిది పేజీలు: కామిక్స్ గీయాలనుకునే అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇరవై బొమ్మలూ నిదానంగా చూశాను. గీత బాగుంది, ముఖాల్లో ప్రాణం ఉంది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక రాసేదంతా వాటిలో లేనిదాని గురించే. ఆ ఇరవైలో ఒక్కటీ కామిక్ పేజీ కాదమ్మా. అన్నీ విడి బొమ్మలు. కామిక్స్ వేయించుకునే ఎడిటర్ వాటిని చూసి మెచ్చుకోవచ్చు గానీ పని ఇవ్వలేడు. ఆయనకి కావలసిన జవాబులు వేరే ఉన్నాయి. ఒకే మనిషిని నలభై ప్యానెళ్లలో (పేజీలో ఒక్కో బొమ్మ ఉండే గడి ప్యానెల్), నలభై కోణాల్లో గీస్తే ఆ మనిషి ఆ మనిషిలాగే ఉంటాడా? మాటలు మూసేసి బొమ్మలు మాత్రం చూసినా కథ తెలుస్తుందా? ఒప్పుకున్న తేదీకి పని చేతికొస్తుందా?

మన వైపు బొమ్మలు నేర్చుకునేవాళ్లకి ఈ చిక్కు సహజంగానే వస్తుంది. మన గొప్ప సంప్రదాయం కథకి బొమ్మ వేయడం. చందమామలో శంకర్, చిత్ర, వపా, వారపత్రికల్లో బాపు: వీళ్ల బొమ్మలు చూసి చెయ్యి తిప్పుకున్నవాళ్లమే అందరం. శవాన్ని భుజాన వేసుకుని, కత్తి పట్టుకుని నడుస్తున్న విక్రమార్కుడి బొమ్మ తలుచుకో. కథంతా పక్కనున్న అక్షరాలు చెప్పేస్తాయి, బొమ్మ ఒక్క క్షణాన్ని పట్టుకుంటే చాలు. కామిక్‌లో ఆ వెసులుబాటు లేదు. చెట్టెక్కడం, తాడు కోయడం, శవం దబ్బున పడడం, అది ఏడవడం, రాజు దిగి దాన్ని ఎత్తుకోవడం: వీటిలో ఏవి గీయాలి, ఏవి రెండు ప్యానెళ్ల మధ్య ఖాళీకి వదిలెయ్యాలి? అసలు పని అంతా ఈ ఎంపికలోనే ఉంది. ఇదే ఘట్టాన్ని ఒకసారి ఆరు ప్యానెళ్లలో, ఒకసారి నాలుగింటిలో, ఒకసారి మూడింటిలో వేసి చూడు. మూడింటిలో వేసేటప్పుడు దేన్ని వదల్లేకపోయావో అదే ఆ కథకి ఆయువుపట్టు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే. ఎనిమిది పేజీల కథ ఒకటి, మొదటి గీత నుంచి చివరి అక్షరం దాకా పూర్తి చెయ్యి. అరవై పేజీల నవల మొదలుపెట్టి పద్నాలుగో పేజీ దగ్గర ఆపేసినవాళ్లు ఈ రంగంలో వందలమంది. ఎనిమిదైతే రెండు నెలల్లో అయిపోతుంది, చూసేవాళ్లు అయిదు నిమిషాల్లో చదివేస్తారు, ఏ సంకలనంలోనైనా ఇమిడిపోతుంది. కథ నీకు తెలిసిన చోట జరగనీ: రైతుబజారు, ఆర్టీసీ బస్టాండు, హాస్టల్ మేడ మీద నీళ్ల ట్యాంకు. ఆ ఎనిమిదింటిలో ఒక పేజీలో ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడం తప్ప మరేమీ ఉండకూడదు. ఎడిటర్లు ముందు చూసేది ఆ పేజీనే. కొట్లాట ఎవరైనా గీస్తారు, ఇద్దరు టీ తాగుతూ మాట్లాడుకునే ఆరు ప్యానెళ్లని విసుగు రాకుండా గీయడం కష్టం. ఒక పేజీలో జనం, ఒక పేజీలో ఆటోయో బస్సో ఉన్న, దూరం పోయేకొద్దీ సన్నబడే రోడ్డు, ఎక్కడో ఒకచోట రాత్రి వెలుతురు ఉండేలా చూసుకో. చేతుల్ని జేబుల్లోనూ, పాదాల్ని గడ్డిలోనూ దాచకు. దాచిన సంగతి ఇట్టే తెలిసిపోతుంది.

పెద్ద కాగితం ముట్టుకునే ముందు థంబ్‌నెయిల్స్ వెయ్యి. అగ్గిపెట్టెకి రెండింతలుండే గడిలో పేజీ మొత్తం పుల్లబొమ్మలతో. ఒక్కో పేజీకి మూడు రకాలు వేసి ఒకటి ఎంచుకో. పేజీకి అయిదారు ప్యానెళ్లు మధ్యస్థం. తొమ్మిది దాటితే ఊపిరాడదు, మూడుకి తగ్గితే కథ కదలదు. ముందు మాట్లాడేవాళ్లు ప్యానెల్‌లో ఎడమవైపు ఉండాలి, లేకపోతే బెలూన్ల (మాటలు రాసే బుడగల) తోకలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ల మధ్య ఒక గీత ఊహించుకుని కెమెరాని ఎప్పుడూ ఆ గీతకి ఒకే పక్కన ఉంచు. అటు దూకితే, ఇంతసేపూ కుడివైపు చూస్తున్న మనిషి ఉన్నట్టుండి ఎడమవైపు చూస్తాడు, చదివేవాళ్లు ఎవరు ఎవరో వెతుక్కుంటారు. పుస్తకంలో సరిసంఖ్య పేజీలు ఎడమవైపు వస్తాయి. కాబట్టి ఉత్కంఠ బేసి పేజీ చివరి ప్యానెల్లో పెట్టు, దాని జవాబు పేజీ తిప్పాక కనపడాలి. థంబ్‌నెయిల్స్ అయ్యాక కథ తెలియని ఒకరికి ఇచ్చి, నువ్వు నోరు విప్పకుండా, వాళ్లనే కథ చెప్పమను. వాళ్లు ఆగిన ప్యానెల్ మళ్లీ వెయ్యి.

ఇక అక్షరాలు. తెలుగు కామిక్ పేజీలు ఎక్కువగా చెడేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా రాస్తాను. చాలామంది బొమ్మంతా వేసి, రంగులు నింపి, చివర్లో మిగిలిన జానెడు చోట్లో బెలూన్ పెట్టి మాటల్ని కుక్కుతారు. ఇంగ్లీషు కామిక్స్ చూసిన కళ్లతో చోటు అంచనా వేస్తే తప్పుతుంది. అక్కడ అక్షరాలన్నీ ఒకే ఎత్తు, వరసల్ని దగ్గరగా పేర్చుకోవచ్చు. మన అక్షరానికి నెత్తిన గుడి, ఏత్వం, కింద వత్తులు. ఒక వరసలో "రాష్ట్రం" అని రాసి, సరిగ్గా దాని కింద "స్త్రీ" అని రాసి చూడు. పై మాట వత్తులు, కింది మాట గుడి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. 10 పాయింట్ల అక్షరానికి వరసకీ వరసకీ మధ్య 14, 15 పాయింట్లు ఇస్తేనే తేటగా ఉంటుంది. అంటే అన్నే వరసలకి మన బెలూన్ ఎత్తు ఎక్కువ.

రెండోది మాట పొడవు. "వెళ్ళిపోతున్నాడేమోనని" అన్నది మనకి ఒక్క మాట. సన్నని బెలూన్లో అది పట్టదు, మధ్యలో విరిస్తే చదివేటప్పుడు నాలుక తడబడుతుంది. అందుకని తెలుగు బెలూన్లు గుండ్రంగా కన్నా అడ్డంగా సాగి ఉంటేనే నప్పుతాయి. అప్పటికీ పట్టకపోతే రచయితని అడుగు, "వెళ్ళిపోతాడేమో" అంటే సరిపోతుందేమో. అలా అడగడం నీ పనిలో భాగమే, తప్పేమీ లేదు. బెలూన్‌కి 10, 12 మాటలు, ప్యానెల్‌కి 20 దాటితే దాన్ని రెండు ప్యానెళ్లుగా విడగొట్టడం మంచిది. థంబ్‌నెయిల్ దశలోనే అసలు సంభాషణ చేత్తో రాసి, ప్యానెల్ పై మూడో వంతు మాటలకి వదిలి, మిగతా చోట్లో మనుషుల్ని నిలబెట్టు.

కంప్యూటర్‌లో తెలుగు టైప్ చేసినప్పుడు "అక్క" కాస్తా "అక్‌క" అయి వత్తు పక్కకి పడితే లోపం ఫాంటుది కాదు. పాత ఫొటోషాప్‌లో ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి టైప్ దగ్గర వరల్డ్ రెడీ లేఅవుట్, ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకుంటే సర్దుకుంటుంది. మన ప్రచురణకర్తల్లో చాలామంది ఇప్పటికీ అను ఫాంట్లతోనే డీటీపీ చేయిస్తారు. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే పద్ధతి) కాదు, నీ ఫైల్లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. మాటలు యూనికోడ్‌లో ఇవ్వమని మొదటి రోజే అడుగు. ఫాంట్ల విషయానికొస్తే మండలి సంభాషణకి బాగుంటుంది, అరుపులకీ శీర్షికలకీ రామభద్ర. రెండూ ఉచితం, అచ్చుకి వాడుకోవడానికి లైసెన్సు అడ్డం రాదు. నీ చేతిరాత గుండ్రంగా, నిలకడగా ఉంటే అన్నిటికన్నా అదే మేలు. "ధడేల్", "ఠక్" లాంటి శబ్దాలు మాత్రం బొమ్మలో భాగంగా చేత్తోనే గీయి, కానీ వేరే లేయర్‌లో, అంటే బొమ్మ మీది విడి పొరలో, ఉంచు. రేపు హిందీలోకో తమిళంలోకో వెళ్తే కింద బొమ్మ చెడకుండా తీసెయ్యొచ్చు.

కాగితం మీద గీస్తే అచ్చయ్యే కొలత ముందు కనుక్కుని దానికి ఒకటిన్నర రెట్లు పెద్దగా గీయి. అమెరికన్ కామిక్స్‌కి 11×17 అంగుళాల బోర్డు వాడుక. మనకి సులువుగా దొరికేది ఏ3. ఏ4, ఏ5ల నిష్పత్తి కూడా అదే కాబట్టి తగ్గించినప్పుడు అంచులు తెగవు. బ్రిస్టల్ బోర్డు దొరికితే సరే, లేదంటే నున్నటి మందపాటి ఐవరీ షీటు. గరుకు కాగితం మీద నిబ్బు పీచు పట్టుకుంటుంది, గీత చెదురుతుంది. పెన్సిల్ నొక్కి గీయకు, చెరిపినా గాడి మిగిలి ఇంకు అందులో చేరుతుంది. మైక్రాన్ 005 పెన్ను గీత 0.20 మిల్లీమీటర్లు, 01 ది 0.25. మూడింట రెండు వంతులకి తగ్గించి నాసి కాగితం మీద అచ్చేస్తే అలాంటి గీతలు తెగిపోతాయి. మనుషుల బయటి గీతకి 05, 08, లోపలి వివరాలకి 03, మరీ దూరపు వస్తువులకే 01. పెన్సిల్ చెరిపే ముందు ఇంకు బాగా ఆరనివ్వు.

నలుపు తెలుపు గీతని 600 డీపీఐకి (అంగుళానికి అన్ని చుక్కలు), రంగుల పేజీని 300కి తగ్గకుండా స్కాన్ చెయ్యి. అచ్చుకి వెళ్లే పేజీకి నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కోతలో పోయే అదనపు బొమ్మ, కావాలి. ముఖాలు, బెలూన్లు కోత గీతకి కనీసం 8 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. తెర మీద అందంగా ఉన్న పేజీ అచ్చులో మసకబారడానికి ఎక్కువసార్లు ఒకటే కారణం: ఆర్‌జీబీ (తెర రంగుల) ఫైలుని సీఎంవైకేలోకి (అచ్చు రంగుల్లోకి) మార్చినప్పుడు నల్ల గీత నాలుగు రంగులుగా విడిపోతుంది, ప్లేట్లు వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా గీత చుట్టూ రంగు నీడ కనిపిస్తుంది. గీతా అక్షరాలూ వేరే లేయర్లో, ఒక్క నలుపు 100 శాతంగానే ఉండాలి. డిజిటల్‌గా వేసేదానివైతే క్రిటా అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, నేర్చుకోవడానికి ధారాళంగా సరిపోతుంది. ఫోన్లో నిలువుగా జరుపుతూ చదివే కామిక్స్‌కి 800 పిక్సెళ్ల వెడల్పు ప్రమాణం. దానికి మూడింతలు వెడల్పుగా గీసి తగ్గించుకో, తరవాత పుస్తకం వేయాలంటే పనికొస్తుంది.

పేజీలు సిద్ధమయ్యాక ఎక్కడికి? అనంత్ పాయ్ 1967లో మొదలుపెట్టిన అమర్ చిత్రకథ, 1980లో వచ్చిన టింకిల్ పిల్లల కామిక్స్‌కి ఇప్పటికీ పెద్ద చిరునామాలు. బెంగళూరులో ప్రథమ్ బుక్స్, చెన్నైలో తూలిక, మన సికింద్రాబాదులో మంచి పుస్తకం వేసేవి ఎక్కువగా పిల్లల బొమ్మల పుస్తకాలు. దారి కొంచెం వేరైనా, పేజీ వెంట పేజీ కథ నడపడం అక్కడా అదే విద్య. దినపత్రికల ఆదివారం అనుబంధాలూ, పిల్లల పేజీలూ చిన్న పనులు త్వరగా ఇస్తాయి, గడువుకి పని చేయడం అక్కడే అలవాటవుతుంది. హైదరాబాదు సినిమా, యానిమేషన్ రంగాలకి స్టోరీబోర్డు (సీన్లని ముందే వరస బొమ్మలుగా గీయడం) వేసేవాళ్లు ఎప్పుడూ కావాలి. అది కామిక్స్‌కి సొంత చెల్లెలు, ఇంటి అద్దె గడిపే పని కూడా. హైదరాబాదులో కామిక్ కాన్ అనే కామిక్స్ సంత జరిగినప్పుడు, కొత్తలో బల్ల అద్దెకి తీసుకోకు. ఆ డబ్బుతో ఎనిమిది పేజీల కథని పాతిక కాపీలు జిరాక్స్ తీయించి, మధ్యలో పిన్ను కొట్టించి, బల్లల వెనకున్న ఆర్టిస్టులకీ ప్రచురణకర్తలకీ చేతికివ్వు.

ఈమెయిలు అయిదు వాక్యాలు దాటకూడదు. ఎవరివి, ఏం చేయగలవు (పెన్సిలా, ఇంకింగా, రంగులా, అన్నీనా), నెలకి ఎన్ని పేజీలు నిజంగా ఇవ్వగలవు, పేజీల లింకు, ఫోన్ నంబరు. 10 ఎంబీ దాటని ఒక్క పీడీఎఫ్. అందులో అన్నిటికన్నా బలమైన పేజీ మొదట, దాని తరవాత బలమైనది చివర. బలహీనమైనవి తీసెయ్యి, పేజీల్ని వాటిలో అన్నిటికన్నా చెత్తదాన్ని బట్టే అంచనా వేస్తారు. జవాబు రాకపోతే మూడు వారాలకి ఒకసారి గుర్తు చెయ్యి, ఆ తరవాత కొత్త పేజీలు ఉన్నప్పుడే రాయి.

పరీక్షకి ఒక పేజీ ఊరికే గీయమంటే గీయవచ్చు. అయిదు పేజీలు ఊరికే గీయమంటే అది పరీక్ష కాదు, పని. రేటు చెప్పే ముందు ఒక పేజీకి నీకు నిజంగా ఎన్ని గంటలు పడుతుందో రాసి పెట్టుకో, థంబ్‌నెయిల్ నుంచి అక్షరాల దాకా. నీ నెల ఖర్చుని పని గంటలతో భాగిస్తే గంట విలువ వస్తుంది. అంతకన్నా తక్కువకి ఒప్పుకుంటే నాలుగో నెలలో పని ఆగిపోతుంది. మూడో వంతు ముందుగా అడుగు. మార్పులు పెన్సిల్ దశలో రెండుసార్లు ఉచితం, ఇంకు అయ్యాక చేసేవాటికి వేరే డబ్బు అని రాయించుకో.

ఒప్పందం కాగితం మీదే ఉండాలి. కాపీరైట్ చట్టం, 1957లో 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది. ఎంత కాలానికో రాయకపోతే అయిదేళ్లు, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. అందుకే "అన్ని హక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతా" అన్న వాక్యం ఉందేమో వెతుకు. ఉంటే దానికి తగ్గ డబ్బు అడుగు, లేదా ఏ భాషకి, ఏ రూపానికి, ఎన్నేళ్లకి అని కుదించు. పాత్రని నువ్వే సృష్టిస్తే ఆటబొమ్మలు, టీ షర్టులు, సినిమా హక్కుల సంగతి విడిగా రాయించాలి. కవరు లోపలి పేజీలో నీ పేరు, అసలు కాగితాలు తిరిగి నీకే రావడం, ఈ రెండూ అడగకపోతే ఎవరూ ఇవ్వరు. పాన్ కార్డు తీసుకో. ఫీజులో టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పట్టుకుంటే కంగారు పడకు, రిటర్ను వేసినప్పుడు పన్ను లెక్కలో అది జమ అవుతుంది.

ఈ నెలాఖరుకి ఎనిమిది పేజీల థంబ్‌నెయిల్స్ పంపు, సంభాషణ చేత్తో రాసి. శుభ్రంగా ఉండక్కర్లేదు. పక్కన ఖాళీ వదులు, ఎర్ర పెన్నుతో రాసి వెనక్కి పంపుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న