గొడవల మీద చదువుతానంటోంది, ఏం చెయ్యమంటారు?

ప్రశ్న: మాది నంద్యాల దగ్గర పల్లె. అమ్మాయి బీఏ ఫైనల్ ఇయర్. కులాల మధ్య, ఊళ్ల మధ్య గొడవలు ఎందుకొస్తాయి, ఎలా సర్దుకుంటాయి అని రీసెర్చ్ చేస్తుందట. మా కాలువ కింద ఎవరి వంతు ఎప్పుడు, ఎవరు ఎవరికి నీళ్లు వదిలారు అని నోటుబుక్కులో రాస్తుంటే కోప్పడి లాక్కున్నాను. ఇంగ్లండ్‌లో ఏడాది పీస్ స్టడీస్ (గొడవలు, శాంతి గురించిన చదువు) కోర్సు 28 లక్షలని కన్సల్టెన్సీ వాళ్లంటున్నారు. దానికంటే ఎంబీఏ మేలు కదా? ఆడపిల్ల, గొడవల్లో ఇరుక్కుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: అయ్యా, ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. అందరూ కోర్సుల గురించే అడుగుతారు. అసలు భయం మాత్రం మీ ఉత్తరంలో లాగే చివరి వాక్యంలో ఉంటుంది. ముందు దానికే జవాబు చెప్తాను.

ఈ చదువు చదివేవాళ్లు గొడవ జరిగే చోట మధ్యలోకి వెళ్లి నిలబడరు. అశుతోష్ వార్ష్నే అనే ఆయన ఉత్తరప్రదేశ్‌లోని అలీగఢ్‌లో మత కలహాలు పదే పదే ఎందుకు వచ్చాయి, కేరళలోని కాలికట్‌లో ఎందుకు రాలేదు అని పరిశోధించారు. మన హైదరాబాద్‌ను లక్నోతో పోల్చారు. దశాబ్దాల పాత పేపర్లు తిరగేశారు, జనంతో మాట్లాడారు. వ్యాపారాల్లో, యూనియన్లలో, సంఘాల్లో రెండు మతాలవాళ్లూ కలిసి ఉన్న ఊళ్లలో పుకార్లు కలహం దాకా వెళ్లలేదని తేల్చారు. ఇందులో ఎక్కువ భాగం లైబ్రరీలో కూర్చుని చేసే పని. ఊళ్లు తిరగాల్సిన రోజులూ ఉంటాయి. అప్పుడు గైడ్ ఉంటారు, యూనివర్సిటీ అనుమతి ఉంటుంది. జాగ్రత్త అవసరమే, భయం అక్కర్లేదు.

ఇక ఆ నోటుబుక్కు సంగతి. తప్పు చేశారు. రాబర్ట్ వేడ్ అనే విదేశీ పరిశోధకుడు సరిగ్గా ఆ పని మీదే మీ పాత కర్నూలు జిల్లా పల్లెలకు వచ్చారు. 1988లో దాని మీద పుస్తకం వేశారు. నీళ్లు సరిగ్గా అందని కాలువ చివరి ఊళ్లలో రైతులు తమంతట తామే ఒక ఏర్పాటు చేసుకున్నారని ఆయన గమనించారు. వంతుల ప్రకారం నీళ్లు పెట్టేందుకు, పంటకు కాపలా కాసేందుకు ఊరంతా కలిసి మనుషులను పెట్టుకునేది. కోతలయ్యాక పొలాల్లో గొర్రెలు మేపుకునే హక్కు అమ్మితే వచ్చిన డబ్బు ఊరి ఉమ్మడి నిధికి చేరేది. నీళ్లు పుష్కలంగా ఉన్న పై ఊళ్లకు ఆ అవసరమే రాలేదు. ఉమ్మడి వనరులను జనమే ఎలా కాపాడుకుంటారో చూపినందుకు 2009లో ఎలినోర్ ఆస్ట్రమ్‌కు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మీ అమ్మాయి కూడా గట్టు మీద కూర్చుని అదే రాసుకుంటోంది, అదీ మన తెలుగులో, అందరినీ పేరు పెట్టి పిలవగలిగిన చనువుతో. మీరేమో లాక్కున్నారు. వెంటనే తిరిగి ఇచ్చేయండి.

ఇంగ్లండ్ కోర్సు గురించి మాత్రం నాకు చాలా అనుమానాలున్నాయి. ఆ ఏడాదిలో క్లాసులు, థీసిస్ అయ్యేసరికి ఊపిరి తీసుకునే తీరికుండదు. ఐక్యరాజ్యసమితి, పెద్ద పెద్ద ఎన్జీవోలు అని ఆశ పెడతారు. ఆ ఉద్యోగాలకు ఏళ్ల తరబడి ఫీల్డ్ అనుభవం అడుగుతారు, ఏడాది సర్టిఫికెట్ చూసి ఎవరూ పిలవరు. 28 లక్షలకు 11 శాతం వడ్డీ వేసుకోండి, నెలకు వడ్డీయే పాతిక వేలు దాటుతుంది. పొలం తాకట్టు పెడదామన్న ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి. అక్కడి నుంచి తిరిగొచ్చి, ఆ అప్పు కోసం చదువుకు సంబంధం లేని ఉద్యోగాల్లో చేరిన పిల్లలను చూశాను. వాళ్లు బాగా చదివేవాళ్లే. బయటికి వెళ్లాలంటే పీహెచ్‌డీకి వెళ్లనివ్వండి. మంచి యూనివర్సిటీలు వాళ్లే ఫీజు కట్టి స్టైపెండ్ ఇస్తాయి.

ఇప్పటికి ఇక్కడే ఎంఏ చెయ్యనివ్వండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సోషియాలజీ గానీ పొలిటికల్ సైన్స్ గానీ చదవొచ్చు. ఢిల్లీ జామియా మిలియాలోని నెల్సన్ మండేలా సెంటర్‌లో అచ్చంగా ఈ సబ్జెక్టు మీదే ఎంఏ ఉంది. తర్వాత నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000, ఇంటద్దె అదనం. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, పర్మనెంట్ లెక్చరర్ పోస్టులు తక్కువ, సర్వే సంస్థల్లో పని ప్రాజెక్టు ఉన్నంతవరకే. ఇవన్నీ అమ్మాయికి దాచకుండా చెప్పండి. స్టాటిస్టిక్స్ మాత్రం ఈ వేసవిలోనే మొదలుపెట్టమనండి. అది వచ్చినవాళ్లను సర్వే సంస్థలు వదులుకోవు.

ఎంబీఏ సంగతి అడిగారు. మనసు లేని పిల్లను అందులో వేస్తే రెండేళ్లూ ఫీజూ రెండూ పోతాయి. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇంత పెద్ద ఉత్తరంలో అమ్మాయి అన్న మాట ఒకే ఒక్క వాక్యం. ఈసారి తననే రాయమనండి. వీలైతే ఆ నోటుబుక్కులో ఒక పేజీ కూడా పంపమనండి, చదివి జవాబిస్తాను.